గాజురొయ్య

ముడిమ్యాల కిరస్తానపు వాడ బావిలో దయ్యం పిల్లలు పుడుతున్నాయట. బడిపంతులు దయానందం వాటిని సీసాలకెత్తి పట్నంలో ఎవరో సారుకు ఇచ్చి వస్తున్నాడట. ఆ సారు వాటి కళ్ళు పీకి మందు నూరుతాడట, అందుకే ఏ సీసాలో చూసినా ఒక్కదానికీ కళ్ళు ఉండవట. ఈ మాట చేవెళ్ళ సంతలో గానుగ నూనె అమ్మే అంతమ్మ ఎవరితోనో అన్నదట. ఆ ఎవరో మొయినాబాదు దాకా మోసుకుపోతే, అక్కడ పెద్దమ్మ కూతురింటికి పోయిన విమలమ్మ చెవిన పడింది. విమలమ్మ దాన్ని దారిలో ఎక్కడా దించకుండా ముడిమ్యాలకు తెచ్చి, జొన్నరొట్టె విరుస్తున్న మొగుడి ముందు పెట్టింది.

"సంతల నిన్ను దయ్యాల పంతులంటున్నరు," అన్నది.

దయానందం రొట్టె ముక్కను ఉల్లికారంలో అద్ది తాపీగా నమిలాడు. కళ్ళు లేవన్నది మాత్రం నిజమేనన్నాడు. ఎవరూ పీకలేదు, వాటి పుట్టుకే అట్లాంటిదన్నాడు. వేరే రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళే. కానీ ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం దాటినప్పటి నుంచి ఆ వాడలో బావి మాట వస్తే నవ్వేవాళ్ళు లేకుండా పోయారు.

మట్టలాదివారం మరునాడే సానిటరీ ఇన్‌స్పెక్టరు బాల్‌రాజ్ సైకిలు మీద వచ్చాడు. దిగుడుబావిలో జనం కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకుంటారు కనుక కాలు పగిలి దారంలాంటి పురుగు బయటికి వచ్చే నారికురుపు లేస్తున్నదని, ఇట్లాంటి బావులన్నీ సున్నం పోసి పూడ్చెయ్యాలని పైనుంచి హుకుం వచ్చిందని చెప్పాడు. మెట్లకు అడ్డంగా గోడ కట్టి, గిరక పెట్టి, చేదబావి చెయ్యొచ్చు గదా అని దయానందం అడిగాడు. గోడకు మంజూరు కావాలి, పూడ్చడానికి అక్కర్లేదు అన్నాడు బాల్‌రాజ్. చెడ్డమనిషి కాదు. చెప్పింది అబద్ధమూ కాదు. వాడలో నారికురుపు మచ్చ లేని కాలు వెతికితే గాని దొరకదు. మరి తాగడానికి నీళ్ళెక్కడివంటే, ఊరబావి ఉన్నది గదా అని సైకిలెక్కాడు.

ఊరబావి ఉన్నది. దాని గట్టు మీద ఈ వాడ కడవను పెద్దకులాలు ఆనించనిచ్చే దినమే ఇంకా రాలేదు. వాగులో చెలిమె తవ్వుకుంటే బురద నీళ్ళు కడవెడు ఊరేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది. అందుకని వాడలో ఆడవాళ్ళు ఆ సాయంత్రం ఎవరూ ఏమీ అనకుండానే ఇంట్లో ఉన్న కుండలన్నీ కడిగి బోర్లించుకున్నారు, రేపే కరువొస్తున్నట్టు.

నీళ్ళను మడత గుడ్డలో వడగట్టి తాగాలని వాడకు నేర్పింది దయానందమే. కడవ మూతికి పాత చీర పేలిక నాలుగు మడతలు వేసి కట్టి, దాని మీద నుంచి పొయ్యడం అందరికీ అలవాటైంది. ఒక్క విషయంలోనే అతని మాట వినలేదు. వడగట్టినాక ఆ పేలికను మళ్ళీ బావిలోకే దులిపేవాళ్ళు. బావిది బావికే పోవాలె, ఇంటికి తీసుకుపోతే ఎట్ల అనేవాళ్ళు. పురుగు మళ్ళీ నీళ్ళల్లోకే పోతుందని ఎన్నిసార్లు చెప్పినా ఆ చేతులు ఆగేవి కావు. ఈస్టరు పండుగ దాటిన వారం, అట్లా దులపబోతున్న ముసలి ధనమ్మ పేలికలో దయానందం మొదటిసారి దాన్ని చూశాడు. గోరంత పొడుగు. గాజు పెంకులాగ, అవతలి బట్ట నేత కనపడేటంత తెలుపు. ముడుచుకొని, మళ్ళీ చాపుకొని, పేలిక మీద ఒక్క గెంతు గెంతింది. ధనమ్మ దానికేసి చూడను కూడా లేదు. గాజురొయ్య అన్నది. కుట్టదు, కరవదు, కూరకు రాదు, దాంతో ఎవరికీ పనిలేదు అన్నది.

పని ఉన్న మనిషి ఒకడున్నాడని దయానందానికి అప్పుడే తట్టింది. పోయిన చలికాలం చేవెళ్ళ చుట్టుపక్కల కుంటల్లో కప్పలు పట్టుకుంటూ తిరిగి, బస్సు తప్పిపోయి, బడి అరుగు మీద ఒక రాత్రి తలదాచుకున్న ప్రభాకర్ సారు. బందరు వైపు మనిషి, పట్నంలో కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడు. ఆయనకు కోటు ఉన్నది, ఇంగ్లీషు ఉన్నది, చేవెళ్ళ తహసీల్దారు ముందర కుర్చీలో కూర్చోగల పరిచయం ఉన్నది. దయానందానికి కావలసింది రొయ్య కథ కాదు, ఆ కుర్చీలోంచి బావి కోసం ఒక మాట. ఆ మాటకు దారి దొరుకుతుందేమోనని దగ్గుమందు సీసాలో రెండు గాజురొయ్యలను వేసుకొని, తడిగుడ్డ చుట్టుకొని, బస్సెక్కి పోయాడు.

కాలేజీలో ప్రభాకర్ వాటిని అద్దం పళ్ళెంలో వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. తెప్పించిన టీ మీద మీగడ కట్టింది. తరువాత ఈగ పడింది. ఆయన తల ఎత్తలేదు. ఎత్తినాక, ఇంట్లో పసిబిడ్డ మొదటి మాట విన్నవాడిలాగ ముఖమంతా మెత్తబడి ఉన్నది. దయానందాన్ని కూడా చూడమన్నాడు. గోరంత ప్రాణి అందులో మూరెడైంది. కాళ్ళకు రోమాలు, రోమాలకు మళ్ళీ రోమాలు.

"కన్ను మొలిచే కాడ ఉందండి, చూడండి. కన్ను లేదు," అన్నాడు ప్రభాకర్. ఇట్లాంటి వాటి చుట్టాలన్నీ సముద్రంలో ఉన్నాయని, నడిబండలో ఇది ఎప్పుడు చిక్కుకున్నదో, ఎన్ని తరాల చీకటిలో కళ్ళు పోగొట్టుకున్నదో చెప్పలేమని అన్నాడు. ఇంతవరకూ ఎవరూ రాయని జాతి కావచ్చునన్నాడు. రాయడమంటే ఏమిటో కూడా వివరించాడు. ప్రతి కాలూ గీయాలి, ప్రతి కీలూ కొలవాలి. మగదీ కావాలి, ఆడదీ కావాలి, పొట్ట కింద గుడ్లు మోస్తున్న ఆడదైతే మరీ మంచిది. అన్నిట్లోకి నిండుగా ఉన్న ఒకదాన్ని స్పిరిట్లో వేసి, ఇదే ఈ జాతి అని చీటీ కట్టాలి. ఇకమీద లోకంలో ఎవరికి అనుమానం వచ్చినా ఆ సీసా దగ్గరికే రావాలి.

దయానందం అన్నీ విని, మెల్లగా బావి మాట ఎత్తాడు. ప్రభాకర్ మొహం నిజంగానే ఎర్రబడింది. ఇట్లాంటి బావిలో సున్నం పోస్తారా అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ గురువారమే చేవెళ్ళకు వచ్చి, తహసీల్దారుతో గంటసేపు ఉర్దూలో మాట్లాడి, అక్కడి నుంచి ముడిమ్యాలకు బండి కట్టించుకొని వచ్చాడు. వాడ మొత్తం బావి చుట్టూ చేరింది. తహసీల్దారు సోమవారం ఇటువైపు జమాబందీకి, శిస్తు లెక్కలు చూడడానికి వస్తున్నాడని, బావిలో ఆ జీవాన్ని ప్రాణంతో కళ్ళారా చూపిస్తే హుకుం ఆపి పైకి రాస్తానన్నాడని ప్రభాకర్ చెప్పాడు. గిద్యోను తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. సంఘపెద్ద అతను, ప్రార్థనకు తప్ప తలపాగా తియ్యడు.

బండెక్కుతూ ప్రభాకర్ మరో మాట అన్నాడు. అనేటప్పుడు ఆయన చూపు బావి మీదే ఉన్నది. "ఈలోగా దొరికినన్ని పట్టి ఉంచండి పంతులుగారూ. గుడ్లున్నవి ముఖ్యం."

శనివారం ఎవరూ కూలికి పోలేదు.

పొద్దు పొడవకముందే గిద్యోను తోలుబొక్కెనతో అడుగు మెట్టు మీద నిలబడ్డాడు. మెట్టు మెట్టుకూ ఒక మనిషి. బొక్కెన కిందినుంచి చేతులు మారుతూ పైకొస్తే, పైన ఆడవాళ్ళు పేలికలు పరిచిన గంగాళాల మీద వంచేవాళ్ళు. ఎండాకాలపు బావి, నీళ్ళు నడుములోతే. వడగట్టిన నీళ్ళు కుండల్లోకి, కుండలు నిండితే తొట్లలోకి, తొట్లు నిండితే బర్రెలు తాగే గోలెంలోకి. పేలికలో ఒక్కటి మెరిసినా చాలు, కోడిపిల్లను పట్టినట్టు రెండు దోసిళ్ళు కమ్ముకునేవి. దాన్ని చెంచాతో ఎత్తి ఇత్తడి పళ్ళెంలో విడిచేవాళ్ళు. సువార్త కూటాలకు వచ్చిన పాదిరికి అన్నం పెట్టే పళ్ళెం అది, విమలమ్మ చింతపండు వేసి తోమి ఇచ్చింది.

ధనమ్మకు అందరికంటే ఎక్కువ దొరికాయి. ముసలిదాని కన్ను సూది మొన లాంటిదని గిద్యోను కింది నుంచి అరిచాడు. అలవాటు చొప్పున ఆమె పేలికను బావిలోకి దులపబోతుంటే దయానందం మణికట్టు పట్టుకున్నాడు.

"ఇయ్యాల దులపొద్దవ్వా."

"అగో, చెయ్యి దానంతట గదే పోతున్నది బిడ్డా," అని ధనమ్మ నోరు విప్పి నవ్వింది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. ఆ వాడలో మళ్ళీ నవ్వు వినపడింది ఆ పూటే.

మధ్యాహ్నానికి పళ్ళెంలో నీళ్ళు కదులుతున్నట్టున్నాయి, గాలి లేకపోయినా. దయానందం దానికేసి చూసి, ఇంక చాలేమో అన్నాడు. గట్టిగా అనలేదు. గిద్యోను తడి కాళ్ళతో పైకి వచ్చి కూర్చొని, ఒకసారి భూములు కొలిచే గిర్దావరు దగ్గరికి సగం గంప సీతాఫలాలు తీసుకుపోతే తన చెలక సగమే కొలిచిపోయిన సంగతి చెప్పాడు. మిగతా సగం గట్టు తగాదా ఇప్పటికీ తెగలేదు. ఆఫీసరుకు పెట్టేటప్పుడు చెయ్యి ముడిస్తే, ఆయన కలమూ ముడుచుకుంటుందన్నాడు. దయానందం కాదనలేకపోయాడు. అతని తండ్రి కూడా పటేలు గడపలోకి నిండు గంపతో తప్ప పోలేదు. పైగా సారు నోటి మాటే ఉన్నది, దొరికినన్ని అని. దొరుకుతున్నాయి గదా.

సాయంత్రానికి అడుగు తేలింది. నల్లబండ పగులులోంచి ఊట కంటినీరంత పలచగా కారుతున్నది. ఆ పగులులో తుమ్మపుల్ల పెట్టి గిద్యోను మెల్లగా కదిలిస్తే, లోపల దాక్కున్నవి ఒకటొకటిగా బయటికి జారాయి. ఆఖరిది ధనమ్మ పేలికలో పడింది. పెద్దది. పొట్ట కింద నువ్వుల్లాగ గుడ్లు. ఆమె దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే నడిచి వచ్చి పళ్ళెంలో వదిలింది. "గిది సారుకు నేనిచ్చిన్నని చెప్పు," అన్నది దయానందంతో.

ఆదివారం గుడిలో గిద్యోను ప్రార్థన చేశాడు. బావిని కాపాడమన్నాడు, తహసీల్దారు మనసు మెత్తబరచమన్నాడు, పళ్ళెంలో ఉన్న నీ చిన్న జీవులకు క్షేమం ఇయ్యి ప్రభువా అన్నాడు. అంతా ఆమెన్ అన్నారు. ఆమెన్ అంటున్నప్పుడు పళ్ళెం పంతులింటి వసారాలో ఉన్నది, విమలమ్మ దాని మీద తడిగోనె కప్పి వచ్చింది. అయినా ఆ రోజు ఎండకు వసారా నేలే కాళ్ళు కాల్చింది.

ఇంటికి వచ్చి దయానందం గోనె తీసి చూశాడు. అవతలి ఇత్తడి కనపడేటట్టుండే ఒళ్ళు కొన్నిటికి ఉడికిన మెతుకులాగ తెల్లబడింది. అవి పక్కకు ఒరిగి, కాళ్ళు మాత్రం ఆడిస్తున్నాయి. కొత్తకుండ నీళ్ళు పోశాడు. విసనకర్రతో విసిరాడు. నీడ మారినప్పుడల్లా పళ్ళెం మార్చాడు. మార్చిన ప్రతిసారీ తెల్లబడినవి ఎక్కువయ్యాయి. చీకటిలో, చల్లటి బండలో పుట్టినవాటికి వసారా నీడ నీడే కాదని అతనికి అర్థమవుతుంటే, దానితోపాటే ఇంకొకటి అర్థమైంది. సోమవారం చూపించవలసింది పళ్ళెంలో కాదు. బావిలో.

 ధనమ్మ ఇచ్చినదానితో సహా తెల్లబడినవి పళ్ళెంలోనే ఉంచి, ఇంకా బతికున్నవి చెంబులోకి ఏరుకొని బావి మెట్లు దిగాడు. వెనకాలే విమలమ్మ వచ్చి పై మెట్టు మీద నిలబడింది. అడుగున ఊట మోకాలిలోతు దాకా వచ్చి ఉన్నది. చెంబును నీళ్ళకు ఆనించి, పగులు దగ్గర మెల్లగా వంచాడు. గాజు పెంకులు ఒకటొకటిగా జారి, కొంతదూరం పోయి, నీళ్ళు ఎటు కదిపితే అటు కదిలాయి.

"పోయినయా లోపటికి?" అన్నది విమలమ్మ.

అతను నీళ్ళలోకే చూస్తూ, పోయినట్టే ఉన్నయి అన్నాడు.

సోమవారం ప్రభాకర్ ముందు వచ్చాడు. వెంట చెక్కపెట్టె, అందులో దూది, స్పిరిట్ సీసాలు. వసారాలో గోనె తీసి పళ్ళెం చూసిన క్షణం ఆయన మొహం వెలిగింది. దాచుకుందామనుకున్నా దాగేటట్టు లేదు. చిన్న పట్టకారుతో ధనమ్మ ఇచ్చినదాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి, గుడ్లు అన్నాడు. మళ్ళీ గుడ్లు అన్నాడు. ఇంత చక్కటి నమూనాల వరస తన సర్వీసులో చూడలేదన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకొని తృప్తిగా తలలూపారు. ధనమ్మ కొంగు సర్దుకున్నది.

అప్పుడు ఆయన పట్టకారు ఆగింది. "బావిలో ఎన్ని వదిలారు పంతులుగారూ?"

 దయానందం కంటే ముందే గిద్యోను, మీకు చెయ్యడ్డం పెడతమా సారూ, బండ సందు గూడ ఊడ్చి తెచ్చినం అన్నాడు, సంతోషంగా.

ప్రభాకర్ పళ్ళెం వైపు చూశాడు, బావి వైపు చూశాడు.  చెడిపోకముందే వీటిని ఎత్తాలి అని గొణిగి, సీసా మూతలు తియ్యడం మొదలుపెట్టాడు. స్పిరిట్ వాసన వసారా అంతా కమ్మింది. ఒక్కొక్కటి సీసాలోకి జారి అడుగున సర్దుకున్నది. ఆయన చెయ్యి ఎక్కడా పొరపాటు పడలేదు. గుడ్లున్నదాన్ని విడిగా, చిన్న గొట్టంలో వేశాడు.

తహసీల్దారు గుర్రం మీద వచ్చాడు. వెనక బాల్‌రాజ్ సైకిలు, దాని వెనక సున్నపు బస్తాల బండి. ఏది తేలినా మళ్ళీ బండి కిరాయి దండగెందుకని బాల్‌రాజ్ వెంటే తెచ్చాడట. తహసీల్దారు ముక్కుకు రుమాలు పెట్టుకొని మెట్లు దిగాడు. గిద్యోను ముంచి ఇస్తే ఆడవాళ్ళు వడగట్టారు. మొదటి కడవలో ఏమీ లేదు. తరువాతి కడవలో చింతాకు వచ్చింది. ఇంకోదానిలో తెల్లగా ఏదో పడితే అందరూ వంగారు. నిన్నటి చెంబులోవాటిలో ఒకటి, కదలలేదు. దయానందం పేలిక పట్టుకున్న చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు.

వానలు పడితే ఊట లోపలి నుంచి మళ్ళీ వస్తాయని ప్రభాకర్ అన్నాడు. రావచ్చు, అన్నాడు మళ్ళీ, అబద్ధం చెప్పలేక. వానలకు ముందే పూడ్చాలని హుకుం ఉన్నదని బాల్‌రాజ్ నేల చూపులతో గుర్తుచేశాడు. ప్రభాకర్ చివరికి పెట్టె తెరిచి చిన్న గొట్టాన్ని తహసీల్దారు చేతిలో పెట్టాడు. లోకంలో ఇంకెక్కడా లేనిది ఇదే అన్నాడు. తహసీల్దారు దాన్ని ఎండకు పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగా మెచ్చుకున్నాడు. శభాష్ అన్నాడు. తన కొడుకు ఇక్కడ ఉంటే చూసి సంతోషపడేవాడన్నాడు. భద్రంగా దూదిలో పెట్టి తిరిగి ఇస్తూ, నెమ్మదిగానే అడిగాడు.

"సీసల ఇంత హిఫాజత్‌గ, పదిలంగ ఉన్నది గద ప్రభాకర్ సాబ్. ఇగ బాయితోని ఏం పని?"

ప్రభాకర్ గొట్టం అందుకొని పెట్టెలో పెట్టాడు. దయానందం ముందుకొచ్చి చేతులు కట్టుకొని, రొయ్య లేకున్నా మనుషులున్నరు హుజూర్ అన్నాడు. మనుషుల కోసమే హుకుం పంతులూ, నారికురుపు మీకే గద అన్నాడు తహసీల్దారు, విసుగు లేకుండా. గుర్రమెక్కి, కింద నిలబడ్డ జనానికి సలాం అందుకొని వెళ్ళిపోయాడు.

బండివాడు బస్తాలు దించసాగాడు. ఒకటి చినిగి సున్నపు పొడి పై మెట్టు మీద పడితే, గిద్యోను వంగి రెండు చేతులతో దాన్ని పక్కకు నెట్టాడు, బావిలోకి పోకుండా. తరువాత తను చేస్తున్నదేమిటో తెలిసి చేతులు దులుపుకున్నాడు. తలపాగా చంకలోనే ఉన్నది.

ప్రభాకర్ సీసాల మధ్య దూది కూరుతూ ఉన్నాడు. వెళ్ళిపోతే సరిపోయేది, వెళ్ళలేకపోయాడు. జనం వైపు తిరిగి, వీటి మీద తను రాసేది అచ్చవుతుందని, ఈ జాతికి ఊరి పేరే పెడుతున్నానని చెప్పాడు. ముడిమ్యాలెన్సిస్. ఆ మాటను విడదీసి పలికి, రెండోసారి కూడా పలికాడు. మనమంతా పోయినా, ఈ భూమ్మీద చదువున్నంతకాలం మీ ఊరి పేరు దీనితో ఉండిపోతుందమ్మా అన్నాడు.  మనసారా అన్న మాటే అది.

ధనమ్మ ఖాళీ కడవను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నది.

"మంచిది సారూ. ఊరి పేరు పట్నంల ఉండనీ. రేపు పొద్దుగాల నేను ఏ బాయికి పోవాల్నో, గదొక్కటి చెప్పున్రి."

ప్రభాకర్ బాల్‌రాజ్ వైపు చూశాడు. బాల్‌రాజ్ దయానందం వైపు చూశాడు.